పొద్దు గూకకముందే

మా నాయన పధ్నాలుగేళ్లు ఒకే కామందు దగ్గర పాలేరు. ఏడాదికోసారి లెక్క చూసేవాళ్లు. కామందు అరుగు మీద పడక్కుర్చీలో. మా నాయన కింద మట్టిలో గొంతుక్కూచుని. లెక్కంతా కామందే చెప్పేవాడు. పెళ్లికి తెచ్చిన అప్పుకింత, దాని వడ్డీకింత, జొరమొచ్చి పడుకున్న రోజులకింత, ఎద్దు కాలు విరిగినందుకింత. మా నాయనకి చదువు రాదు. తల వంచుకుని అంతా విని ఆఖర్న ఒకటే మాట అడిగేవాడు.

"ఎంత పట్టుకున్నారు బాబుగారూ?"

ఎంత ఇస్తారు అని కాదు. ఎంత పట్టుకున్నారు అని.

నేను ఆయన పక్కన నిలబడి ఆ మాట ఏడేళ్లు విన్నాను. తరవాత హాస్టల్లో చదువుకున్నాను, ఉద్యోగం తెచ్చుకున్నాను, గుంటూర్లో జాగా కొన్నాను. ఆ మాట ఇంక నాకు వినపడదనుకున్నాను. వినపడింది. ఆ రోజు కుర్చీలో ఉన్నది నేనే.

ఆ సంగతి చెప్పాలంటే మా మావ సంగతి చెప్పాలి. మా మావ సంగతి చెప్పాలంటే యూదుల పండగల సంగతి చెప్పాలి. మాదిగ పల్లెకీ యూదుల పండక్కీ ఏం సంబంధం అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను.

మా మావ చెప్పులు కుట్టేవాడు. మిషన్ బడిలో అయిదు దాకా చదివాడు. ఆ అయిదు తరగతుల చదువుతో బైబిలు మొత్తం మూడుసార్లు తిరగేశాడు. గుడిలో ఉపదేశి ఎప్పుడూ అణకువ గురించే చెప్పేవాడు. ఒక చెంప మీద కొడితే రెండోది చూపించమనేవాడు. మా మావకి అది నచ్చేది కాదు. "మన రెండు చెంపలూ ఎప్పుడో అయిపోయినయ్ రా" అనేవాడు. ఆయనకి పాత నిబంధన కావాలి. అందులోనూ అందరూ దాటేసి పోయే కాండాలు, లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం. కూలి గురించి, కొలత గురించి, అప్పు గురించి, తాకట్టు గురించి ఉన్నవి. "ఇది మన ఊరి పుస్తకం రా. ఇందులో తూకంరాళ్ల గురించి కూడా ఉంది" అనేవాడు.

1990ల మొదట్లో చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఇశ్రాయేలు గోత్రాల్లో ఎఫ్రాయిము గోత్రం వాళ్లమని చెప్పుకుని, యూదుల పద్ధతిన సమాజమందిరం పెట్టుకున్నాయి. బెనె ఎఫ్రాయిము అంటారు వాళ్లని. ఎఫ్రాయిము పిల్లలు అని అర్థం. తరవాత వాళ్ల మీద యూలియా ఎగొరొవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు పరిశోధకులు పుస్తకం కూడా రాశారు, 2013లో వచ్చింది. మా మావకి అక్కడ చుట్టాలున్నారు. ఒక శనివారం చూసొస్తానని పోయాడు. ఇంక ఆదివారం గుడికి రావడం మానేశాడు.

ఊళ్లో నవ్వారు. మా పల్లెలోనే నవ్వారు. "మాదిగోడు యూదుడెట్టా అయితాడు? విమానం ఎక్కి ఇజ్రాయేలు పోదామనేగా" అన్నారు. నేను అప్పటికి అంబేడ్కర్ని చదువుతున్నాను. నాకు కోపం వచ్చింది. "మనకి బుద్ధుడున్నాడు, బాబాసాహెబు 1956లో దారి చూపించి పోయాడు. ఇంకో దేశపు దేవుడు మనకెందుకు మావా?" అని తగువేసుకున్నాను.

ఆయన గూటం కింద పెట్టి నా వైపు చూశాడు. "గోత్రం సంగతి పెద్దోళ్లు చూసుకుంటార్లే. ఈ పండగల్లో ఒక్కోదాంట్లో ఒక్కో పని ఉంది. చెయ్యాల్సిన పని. నువ్వొచ్చి చూడు" అన్నాడు.

ముందుగా మా అత్త చూసింది. యూదులకి శుక్రవారం పొద్దు గూకిన కాణ్ణుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా విశ్రాంతి దినం. షబ్బాత్ అంటారు. ఆ పూట పొయ్యి రాజెయ్యకూడదు. శుక్రవారమే వండి పెట్టుకోవాలి. మా అత్త మొదటి శనివారం ఏం చెయ్యాలో తోచక గుమ్మంలో కూచుంది. "నా పుట్టుకలో పొయ్యి ముట్టించని రోజు ఇదే" అంది. సంతోషంగా అందో, భయంగా అందో నాకు తెలియలేదు. మా మావ చెప్పుల కొట్టు మూసేశాడు. శనివారం బేరం పోయింది. ఆయన కింద పని నేర్చుకునే కుర్రాడు ఒకడుండేవాడు. వాడికి శుక్రవారం మధ్యాహ్నమే కూలిచ్చి పంపేవాడు.

విశ్రాంతి దినం ఆజ్ఞ బైబిల్లో రెండుసార్లు ఉంది. నిర్గమకాండంలో ఒక కారణం చెప్పాడు. దేవుడు ఆరు రోజులు సృష్టి చేసి ఏడో రోజు ఆగాడు కాబట్టి మీరూ ఆగండి అని. ద్వితీయోపదేశకాండంలో కారణం మారింది. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అది గుర్తు పెట్టుకుని మీ దాసుడికీ, దాసికీ, ఎద్దుకీ, గాడిదకీ కూడా విశ్రాంతి ఇవ్వండి అని. మా మావ ఈ రెండూ పక్కపక్కన పెట్టి నాకు చదివి వినిపించాడు. "మొదటిది దేవుడి సంగతి. రెండోది మన సంగతి" అన్నాడు.

నాకు ఏరువాక పున్నమి గుర్తుకొచ్చింది. ఆ రోజు మా కామందు ఎద్దులకి సెలవు. వాటికి కాలవలో నీళ్లు పోసి, కొమ్ములకి రంగులు పూసి, మెడలో గంటలు కట్టి ఊరేగిస్తారు. నీళ్లు పోసేది మా నాయన. రంగులు పూసేది మా నాయన. పగ్గం పట్టుకుని ఊరంతా తిప్పేదీ మా నాయనే. మోషే ధర్మంలో ఎద్దూ దాసుడూ ఒకే వాక్యంలో విశ్రాంతి తీసుకుంటారు. మా ఊళ్లో ఎద్దు ఒక్కటే తీసుకుంది.

పస్కా అయిన యాభయ్యో రోజు వారముల పండగ. షవువోత్ అంటారు. కోతల పండగ అది. ఆ రోజు రూతు గ్రంథం చదువుతారు. రూతు పరాయి దేశం పిల్ల, మొగుడు చచ్చిపోయి, అత్తతో కలిసి బేత్లెహేముకి వచ్చి, ఒక ఆసామి పొలంలో పరిగె ఏరుకుని బతికింది. పరిగె అంటే మా పల్లెలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కోతలయ్యాక రాలిన కంకులు ఏరుకోవడం. మా అమ్మ ఏటా పోయేది. నన్నూ తీసకపోయేది. సాయంత్రం గట్టు మీద కాపలావాడు నిలబడి "ఒడి దులుపు" అనేవాడు. దులిపితే అందులో పనల మీంచి దూసిన గింజలున్నాయంటూ సగం వాడే ఉంచుకునేవాడు. దొంగముండా అనేవాడు. మా అమ్మ ఒక్కరోజు కూడా పన మీద చెయ్యి వెయ్యలేదు.

లేవీయకాండం ఏం చెబుతుందంటే, పొలం మూలలు కొయ్యొద్దు, రాలింది నువ్వు ఏరుకోవద్దు, బీదవాడికీ పరదేశికీ వదిలెయ్యి అని. ద్వితీయోపదేశం ఇంకో మాట కలుపుతుంది. పొలంలో ఒక పన మరిచిపోతే దాని కోసం వెనక్కి పోవద్దని. క్రీస్తు శకం 200 ప్రాంతంలో యూదుల పెద్దలు కూర్చిన ధర్మశాస్త్రం మిష్నా. అందులో దీని మీద ఒక భాగమే ఉంది. పేదల్ని ఏరుకోనివ్వనివాడూ, తనకి కావలసిన ఒక్క పేదకే సాయపడి ఇతరుల్ని కాదన్నవాడూ పేదల్ని దోచినట్టేనని తేల్చారు. అంటే పరిగె ధర్మం కాదు, దానం కాదు. పేదవాడి సొత్తు.

ఆ పండక్కి మా మావ మా అమ్మని పిలిపించి ముందు కూచోబెట్టి రూతు కథంతా చదివాడు. తరవాత ఆ చట్టం విప్పి చెప్పాడు. మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అయితే నేను దొంగతనం చెయ్యలేదన్నమాట" అంది.

ఆమెకి అప్పటికి అరవై దాటాయి.

ఇదంతా చెప్పి ఆ పుస్తకంలో అన్నీ న్యాయాలే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మా మావతో అసలు గొడవ అక్కడే. చచ్చిన గొడ్డుని తినొద్దని ద్వితీయోపదేశకాండం పధ్నాలుగో అధ్యాయం చెబుతుంది. అది చదివి మా మావ ఇంట్లో చచ్చిన గొడ్డు మాంసం ఆపించాడు. నెత్తురు తినకూడదు కాబట్టి మాకిష్టమైన నల్ల వేపుడూ ఆపించాడు. ఈ చచ్చిన గొడ్డు సంగతి 1927లో మహద్ చెరువు దగ్గర బాబాసాహెబూ చెప్పాడు. సరే. కానీ అదే వాక్యంలో ఇంకో మాట ఉంది. ఆ చచ్చినదాన్ని నీ ఊళ్లో ఉండే పరదేశికి ఇవ్వొచ్చు, అన్యుడికి అమ్మొచ్చు అని. లేవీయకాండం ఇరవై అయిదులో ఇంకా ఘోరం. సొంతవాణ్ణి బానిసగా వాడుకోవద్దంటూనే, అన్యజనుల నుంచి కొన్న దాసుల్ని పిల్లలకి ఆస్తిగా రాసివ్వొచ్చంటుంది.

"చూడు మావా. మన ఊళ్లో ఆ పరదేశి ఎవరు? చచ్చిన గొడ్డు ఎవరికి పడేశారు? మనకేగా. మనువు చండాలుడు ఊరి బయటుండాలన్నాడు, చచ్చినోళ్ల గుడ్డలు కట్టుకోవాలన్నాడు. ఈయన చచ్చిన గొడ్డు పరాయివాడికి పెట్టమన్నాడు. ఏంటి తేడా?" అన్నాను.

ఆయన పుస్తకం మూసి నన్నే చూస్తా కూచున్నాడు. తరవాత మెల్లిగా అన్నాడు. "తేడా ఉంది రా. మనువు ఎక్కడా 'నువ్వూ ఒకప్పుడు చండాలుడివే, గుర్తు పెట్టుకో' అని బాపనోడికి చెప్పలేదు. ఈ పుస్తకం పేజీ పేజీకీ చెబుతుంది. నువ్వూ పరదేశివే, నువ్వూ దాసుడివే అని. అన్నిసార్లు ఎందుకు చెప్పాల్సొచ్చింది? మరిచిపోతారని. కడుపు నిండినోడు మరిచిపోతాడు. నువ్వూ మరిచిపోతావు చూడు."

తరవాత చదివి తెలుసుకున్నాను. పరదేశి గురించి తోరా ముప్పయ్యారు చోట్ల హెచ్చరించిందని తాల్మూదులో లెక్కగట్టారు. కాదు, నలభై ఆరని ఇంకొందరన్నారు.

ఆ మరిచిపోవడానికి మందు పస్కా. పెసహ్ అంటారు. ఆ రాత్రి పులియని రొట్టె తింటారు, చేదుకూర తింటారు, ఉప్పునీళ్లలో ఆకు ముంచుకుంటారు. ఇంట్లో చిన్నపిల్లాడు అడగాలి, ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదని. పెద్దవాళ్లు దాస్యం కథ చెప్పాలి. ప్రతి తరంలోనూ ప్రతివాడూ తానే ఐగుప్తు నుంచి నడిచొచ్చినట్టు తలుచుకోవాలని మిష్నా నియమం. మనకి ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఉంది. ఆ చేదు ఎవరిదని మన పిల్లలు అడగరు, మనం చెప్పం. ఉద్యోగాలొచ్చిన మేం మరీ చెప్పం. నేను మా పిల్లలకి వాళ్ల తాత వ్యవసాయం చేసేవాడని చెప్పాను. పాలేరని చెప్పలేదు.

మా మావ చెప్పాడు. ఒక పస్కా రాత్రి మా చిన్నాడు ఆయన ఇంట్లో ఉన్నాడు. వాడే అందరికన్నా చిన్నవాడు కాబట్టి వాడితోనే అడిగించారు. మా మావ ఐగుప్తు చెప్పాడు. ఇటుకలు చెప్పాడు. సముద్రం చెప్పాడు. అక్కణ్ణుంచి ఆపకుండా కారంచేడు చెప్పాడు. 1985 జూలై 17. మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన గొడవ. ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్లని చెరిచారు, బతికినవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని చీరాల పోయారు, ఆ ఊరికి మళ్లీ పోమన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరు చెప్పాడు. ఎనిమిదిమంది మాలల్ని పొలాల్లో నరికారు. ఆ తరవాత మా నాయన లెక్క చెప్పాడు. "మీ తాత ఏమడిగేవాడో తెలుసా?" అని.

పిల్లాడు ఇంటికొచ్చి నన్నడిగాడు. "తాత పాలేరంట కదా నాన్నా. నువ్వు చెప్పలేదేం?" నాకు మా మావ మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

ఇంక 1997 అక్టోబరు సంగతి.

ఇల్లు కడుతున్నాను. శ్లాబు అయిపోయింది, గోడలకి పూత పని నడుస్తోంది. మేస్త్రీ ముఠాలో ఒకామె ఉండేది. పరంజా మీదికి సిమెంటు తట్టలు అందించేది. రోజుకి నలభై రూపాయలు. తొమ్మిది రోజుల కూలి నా దగ్గర ఆగిపోయింది. డబ్బు లేక కాదు. ఉన్న డబ్బు టైల్సుకి కట్టాను. మేస్త్రీకి సర్ది చెప్పాను. ఆమెకి "బట్వాడా రోజు చూద్దాంలేమ్మా" అన్నాను. బట్వాడా వచ్చింది, పోయింది. ఇంకో వారం అన్నాను.

ఆ ఏడు యోం కిప్పూర్ శనివారమే వచ్చింది. ప్రాయశ్చిత్త దినం. యూదులకి ఏడాదిలోకల్లా పెద్ద రోజు. శుక్రవారం పొద్దు గూకిన కాణ్ణుంచి మర్నాడు చీకటి పడేదాకా కూడు లేదు, నీళ్లు లేవు. అంతకుముందే తప్పు చేసినవాళ్ల దగ్గరికి పోయి మన్నించమని అడగాలి. దేవుడికీ మనిషికీ మధ్య తప్పుల్ని ఆ దినం కడుగుతుంది. మనిషికీ మనిషికీ మధ్య తప్పుని, అవతలి మనిషిని సమాధానపరిచేదాకా కడగదు. ఇదీ మిష్నాలో ఉన్న నియమమే.

శుక్రవారం మధ్యాహ్నం మా మావ గుంటూరు వచ్చాడు. పస్కా నాటి నుంచి నేను ఆయనతో మాట్లాడ్డం లేదు. "నీ కొడుక్కి నువ్వు చెప్పాల్సింది నేను చెప్పాను. తప్పే. మన్నించు అల్లుడూ" అన్నాడు. ముసలాయన, బస్సులో నిలబడి వచ్చాడు. నాకు సిగ్గేసింది. అన్నం తిని పో మావా అన్నాను. ఉపాసానికి ముందు కడుపునిండా తినాలని వాళ్లలో నియమం. తిని అయిదింటి బస్సుకి చేబ్రోలు పోతే పొద్దు గూకేలోపు అందరితో పాటు మందిరంలో ఉంటాడు.

ఆకు వేశాం. అప్పుడే ఆమె గేటు దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. "అయ్యగారూ, పిల్లకి జొరం. డబ్బులేమన్నా..." అంది.

"రేపు బట్వాడాకి రామ్మా, ఇప్పుడు చుట్టాలున్నారు" అన్నాను. ఆమె సరే అయ్యగారూ అని పోయింది.

మా మావ ఆకు ముందు నుంచి లేచాడు.

"ఎన్నాళ్లది?"

"తొమ్మిది రోజులు."

"ఏ పల్లె ఆయమ్మది?"

నేను చెప్పలేదు. నాకు తెలుసు. మాదిగ పల్లే.

"మీ నాయన కూలి పట్టుకున్నోడు మాదిగోడు కాదు. అంతవరకు మీ నాయన అదృష్టవంతుడు" అన్నాడు. అరవలేదు. "ముందు ఆయమ్మ దగ్గరికి పో. కూలోడి కూలి ఆ పొద్దు దాటకూడదని మోషే చెప్పాడు. ఆ పొద్దు ఎప్పుడో దాటింది. ఇంకోటైనా దాటనియ్యమాక. నువ్వొచ్చేదాకా ఈ ఇంట్లో మెతుకు ముట్టను."

బీరువాలో డబ్బుంది. మూడొందల అరవై. స్కూటరేసుకుని పోయాను. ఆమె ఎక్కడుంటుందో నాకు తెలియదు. తొమ్మిది రోజులు నా ఇంటి గోడలకి తట్టలు మోసిన మనిషి ఎక్కడ పడుకుంటుందో నేను అడగలేదు. మేస్త్రీని వెతికి పట్టుకుని, ఆయన చెప్పిన చోటికి పోయి, రైలు కట్ట పక్కన గుడిసెల్లో వాకబు చేసేసరికి పొద్దు దిగిపోతోంది.

పిల్ల చాప మీద పడుకుని ఉంది. నేను డబ్బులు చేతిలో పెట్టాను. ఆమె లెక్కపెట్టలేదు. కళ్లు కిందికి దించుకునే అడిగింది.

"ఎంత పట్టుకున్నారు అయ్యగారూ?"

నేను ఏం చెప్పానో నాకు గుర్తు లేదు. ఏమీ పట్టుకోలేదమ్మా అని చెప్పే ఉంటాను. తప్పయింది అని కూడా అన్నాను. ఆమె భయపడింది. ఇంటి యజమాని తప్పయిందంటే ఏం కీడు రాబోతోందోనన్నట్టు చూసింది. మన్నించడానికి కూడా ఆమెకి అలవాటు లేదు.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది. మా మావ అరుగు మీద కూచుని ఉన్నాడు. ఆకులో అన్నం అట్టాగే ఉంది. ఉపాసం మొదలైపోయింది. బస్సు పోయింది. ఆయన ఏడాదంతా ఎదురుచూసే ప్రార్థన పోయింది. మూడొందల అరవై రూపాయల కోసం.

"ఇచ్చావా?" అన్నాడు. ఇచ్చానన్నాను. "సరే పడుకో" అన్నాడు.

మర్నాడంతా ఆయన పూత పని సగమైన గదిలో, సిమెంటు బస్తాల మధ్య ఒక్కడే కూచుని ప్రార్థన చేసుకున్నాడు. మధ్యాహ్నం నన్ను పిలిచి బైబిలు నా చేతికిచ్చి యెషయా యాభై ఎనిమిది చదవమన్నాడు. ఆ దినాన యూదుల మందిరాల్లో చదివే భాగమే అది. ఉపాసం ఉండి ఆ రోజే పనివాళ్లని పీడించేవాళ్ల ఉపాసం తనకక్కర్లేదంటాడు దేవుడు. కాడి విరగ్గొట్టడమే తనక్కావలసిన ఉపాసం అంటాడు. పెద్దగా చదవమన్నాడు. ఖాళీ గది కాబట్టి నా గొంతే నాకు తిరిగి వినపడింది. ఆ రోజు నేనూ తినలేదు.

తాల్మూదులో ఒక ప్రశ్న ఉంది. కూలివాడు నిచ్చెన ఎందుకెక్కాడు, చెట్టుకెందుకు వేలాడాడు, ప్రాణానికెందుకు తెగించాడు? కూలి కోసమే కదా. అందుకని కూలి ఆపినవాడు ప్రాణం తీసినట్టే అంటారు. అది చదివినప్పుడు నాకు నా ఇంటి పరంజా కనపడింది.

మా మావ 2009లో పోయాడు. నేను యూదుణ్ణి కాలేదు. ఇప్పటికీ నాకు అంబేడ్కరే దారి. కానీ ఆ ప్రాయశ్చిత్త దినం ఎప్పుడొస్తుందో ఏటా చూసుకుంటాను. ముందురోజు కాయితం తీసి రాస్తాను. అంట్లు తోమే ఆమెకి, పేపరేసే పిల్లాడికి, మొన్న కుళాయి బాగుచేసినతనికి, ఎవరెవరిది నా దగ్గరుండిపోయిందో. పొద్దు గూకకముందే ఇచ్చేస్తాను. మీ ఊళ్లో వీధులూడ్చే కాంట్రాక్టు మనిషిని ఎప్పుడైనా అడగండి, జీతం ఎన్ని నెలలకి చేతికొస్తుందో. ఆ మనిషి ఏ పల్లె నుంచి వచ్చిందో కూడా అడగండి.

ఐగుప్తులో దాసులుగా ఉన్నాం అని చెప్పుకోవడం తేలిక. మా నాయన పాలేరు అని ఇప్పుడు నేనూ సభల్లో చెబుతున్నాను, చప్పట్లు కొడుతున్నారు. కానీ ఆ మాట సభలో చెప్పుకోవడానికి కాదు. ఇవాళ పొద్దు గూకేలోపు ఎవరి కూలి నీ జేబులో ఉందో చూసుకోవడానికి.

మా చిన్నాడు ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. నెల నెలా ఫోన్లో పనామెకి జీతం ఇచ్చావా అని అడుగుతాను. విసుక్కుంటాడు. అయినా అడుగుతాను. వాళ్ల తాత ప్రశ్న ఇంకొకరి నోట వాడు వినకూడదు.